మెట్టు కట్టించినవాని పుణ్యము

శ్రీశైలమునకు బస్సు పోవుచుండగా నడచి పోవుట యెందులకని అడుగువారు మనలో పెక్కుమంది కలరు. నడచువారెవ్వరును ఆ ప్రశ్నకు సమాధానము సిద్ధము చేసికొని బయలుదేరినట్లు నాకు తోచలేదు గనుక, వారి పక్షమున నేను సమాధానము చెప్పబూనుట తగదు. ఉగాదికి ముందటి దినములలో ఆత్మకూరు దాటి వెంకటాపురము కడ నిలిచి చూచినచో, రాయచూరు, బళ్ళారి, బాగలకోట, విజయపురము మొదలగు సీమలనుండి దినముల తరబడి నడచి వచ్చిన కన్నడిగులు, భుజమున కంబళియు చేత కఱ్ఱయు నుదుట విభూతియు గలవారై, తమ యింటి యాడపడుచగు భ్రమరాంబకు చీర, పసుపు, కుంకుమలు మూటగట్టుకొని నల్లమలలోనికి చొచ్చుచుందురు. వీరికి మల్లయ్య దేవుడు మాత్రమే కాడు, అల్లుడు కూడ. అందుచేతనే వీరి భక్తిలో కొంత చనువును, కొంత అధికారమును కనబడును. నల్లమల చెంచులును మల్లన్న తమ యల్లుడనియే చెప్పుకొందురు. ఒక్క దేవునికి రెండు అత్తవారిండ్లు ఏర్పడియు, ఆ వావిని గూర్చి ఉభయులకును తగవు లేకుండుట ముచ్చట గొలుపు విషయము.

వెంకటాపురమునుండి నాగలూటి వీరభద్రుని గుడి మీదుగా పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను దాటి కైలాసద్వారము చేరువఱకు దాదాపు 40 కిలోమీటర్ల అడవిత్రోవ. దానిని పలువురు రెండు దినములలో నడతురు. మొదటి దినమున ఉత్సాహమే నడిపించును గాన దానిని గూర్చి చెప్పదగినది కొంచెము. రెండవనాటి నడకయే నడక. జనులు పేచెరువని పిలుచు పెద్దచెరువు కడ రాత్రి పడుకొని, చుక్కలుండగనే లేచినవారికి తొలి జాము హాయిగనే గడచును. చైత్రమునాటికి తునికి, నల్లమద్ది చెట్లు ఆకు రాల్చి యుండుటచే, ప్రొద్దెక్కినకొలదిని అడవి యున్నదన్న మాటయే గాని నీడ యుండదు. రాళ్ళు కాగును, మాటలు సన్నగిల్లును, ఎండుటాకులపై పడు అడుగుల చప్పుడు మాత్రము మిగులును. ఒక మలుపు కడ బండపై కూర్చుండిన ముదుసలి రైతొకడు, తన భార్య పాదమును ఒడిలో పెట్టుకొని, అరికాలి బొబ్బకు సూదితో దారము గ్రుచ్చి, నీరు ఓడుటకై దారపు కొసను లోపలనే విడిచి, పైన పసుపు కలిపిన కొబ్బరినూనె రాచి, చింకి పంచెగుడ్డతో కట్టుచుండగా చూచితిని. ఆమె 'సాకు బిడ్రి' అని కాలు లాగికొనుచుండెను, అతడు వినలేదు. ఆ సమయముననే కొయ్యకాళ్ళపై నిలిచి నడచు మ్రొక్కుబడివాడొకడు వారి ప్రక్కగా పోయెను. దారిలోనివారందఱును అతనికి దండము పెట్టిరి. ఆమె వంక చూచినవారు లేరు.

భీమునికొలను కడ త్రోవ లోయలోనికి దిగి, అటుపిమ్మట మెట్ల వరుసయై కైలాసద్వారమునకు ఎక్కును. 'చేదుకో మల్లన్నా, ఆదుకో మల్లన్నా' యని క్రిందివారు పిలువగా పైవారు అందుకొనుచుండు ఆ యెక్కుడులో, ఊపిరి చాలక పిలుపు మానినవారు సైతము పైనుండి వచ్చు పిలుపు పట్టుకొని మఱి నాలుగు మెట్లెక్కుట నేను గమనించితిని. కొండవీటి రెడ్డిరాజ్యమునకు ఆద్యుడగు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెనని శాసనములు కీర్తించుచున్నవి. అదే శతాబ్దాంతమున, 1393లో, విజయనగరాధీశుడగు రెండవ హరిహరరాయల దేవి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించెను. గోపురమునకు బంగారు పూత పూయించుటకు శక్తి గలవారు, ఎవరో పేరు తెలియని బాటసారి మోకాలి నొప్పిని గూర్చి యోచించిరి. ఆ యోచనలో ఒక సూక్ష్మము కలదు. మెట్టు నడకను మాన్పించునది కాదు, నడవలేననుకొన్నవానిచేత నడిపించునది.

దారి పొడవునను దాతలే యుండిరని గాదు. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ త్రోవనే శ్రీశైలమునకు పోయి వచ్చి, యాత్రికుల వద్ద కందనూరు నవాబు పక్షమున పన్ను వసూలగుచుండుటను తన కాశీయాత్రచరిత్రలో వ్రాసియున్నాడు. సుప్రీముకోర్టులో ఉద్యోగము చేసినవాడగుటచే కాబోలు, దేవుని వైభవముతోపాటు అట్టి సంగతులను విడువక వ్రాసికొనెను. మన యాత్రావర్ణనలలో ఆ గుణము మఱికొంత యున్న బాగుండెడిది.

ఇప్పుడీ త్రోవను గూర్చి రెండు వాదములు వినబడుచున్నవి. కష్టమే భక్తి గనుక సౌకర్యములు కల్పించుట యాత్రను చెఱచుటయేయని ఒకరందురు. దీనినే రోడ్డుగా మార్చి వాహనములను పోనిచ్చిన కష్టమే తీరిపోవునని మఱియొకరందురు. మొదటివారు సాధారణముగా నడువనివారు. బొబ్బలెక్కిన కాలితో మండు బండపై నిలిచిన స్త్రీకి మఱుగుదొడ్డి లేకపోవుటలో ఏ తపస్సు కలదో వారే చెప్పవలెను. రెండవవారు అడవిని మఱచుచున్నారు. దేశములోని పులుల అభయారణ్యములలో అతివిశాలమైన నాగార్జునసాగర్-శ్రీశైలము అభయారణ్యమిది. ఉన్న ఘాటు రోడ్లపైననే రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటల వఱకు వాహనములను నిలిపివేయవలసి వచ్చుచున్నది. పులికిని మనిషికిని నడుమ ఇంకొక రోడ్డు వేయుమని అడుగుట కంటె, ఈ యేటికి యాత్రయే వలదనుట నయము.

కావలసినది మెట్టు వంటి సాయము. దూరము తెలిసిన చోట్ల నిలుకడగల నీటితొట్లు, నీడకు పాకలు, స్త్రీలకు మఱుగు, కాళ్ళకు కట్టు కట్టగల మనిషి, కన్నడ లిపిలో వ్రాసిన దారి పలకలు: ఇంతకు మించి నడచువారు అడుగుట లేదు. పుణ్యమునకై నీళ్ళ ప్యాకెట్లు పంచు దాతలకు నమస్కరించుచునే, ఆ ఖాళీ సంచులను దుప్పి తినుచున్నదని చెప్పక తప్పదు. ప్యాకెట్టుకు బదులు కుండయు, చెంబును పెట్టినచో వారి పుణ్యమునకు లోటు రాదు. ఇక, ఈ పనులకు బయటి గుత్తేదారులను తేకుండ, పెద్దచెరువు గూడెమువంటి చోట్ల నివసించు చెంచులకే దారిసంరక్షణమును ఏడాది పొడవునను జీతముతో అప్పగింపవలెను. ఏ బండ జాఱునో, ఏ ఊట మాఘమునకే ఎండునో వారికి తెలిసినట్లు మఱియెవ్వరికిని తెలియదు. పండుగ నాలుగు దినములు కూలికి పిలిచి పిదప మఱచుట వారికిని గౌరవము కాదు, దారికిని మేలు కాదు.

దేవస్థానమును, అటవీశాఖయు, అత్యధికులగు యాత్రికులను పంపుచున్న కర్ణాటక ప్రభుత్వమును ఒకచోట కూర్చుండి ఖర్చు పంచుకొనుట అసాధ్యము కాదు. అందుకు తగిన సమయము ఉగాది వెళ్ళిన మఱునెల. దారిలోని లోటులు అప్పటికింకను కంటికెదుట నుండును. పండుగకు పదిదినముల ముందు జరుపు సమీక్షా సమావేశములలో పందిళ్ళును, ట్యాంకర్లును తప్ప వేఱొకటి తేలదు.