పిల్లల ముందు పన్నుకు దెబ్బ తగిలిందా? మామూలు రూట్ కెనాల్‌కు ముందు ఇది తెలుసుకోండి

ఎనిమిదేళ్ల పాప ఆడుకుంటూ పడింది. ముందు పన్ను కొంచెం విరిగింది. నొప్పి తగ్గిందని మీరూ మర్చిపోయారు. కొన్ని నెలలకు పన్ను రంగు మారి, చిగురుపై చీము పొక్కు కనిపించింది. ఇప్పుడేం చేయాలి?

సమస్య ఎక్కడ?
పై ముందు పళ్లు ఏడెనిమిదేళ్లకు వస్తాయి. వేరు పూర్తిగా తయారవడానికి మరో మూడేళ్లు పడుతుంది. ఈలోగా లోపలి గుజ్జు చనిపోతే వేరు ఎదుగుదల ఆగిపోతుంది. కొస తెరుచుకునే ఉంటుంది కాబట్టి మామూలు రూట్ కెనాల్ కుదరదు. ఎంటీఏ అనే సిమెంటుతో కొస మూయొచ్చు. కానీ వేరు గోడలు పలుచగానే మిగులుతాయి, పన్ను విరిగే ముప్పు ఉంటుంది.

రీజనరేటివ్ చికిత్స అంటే?
మొదటిసారి లోపల శుభ్రం చేసి మందు పెడతారు. కొన్ని వారాల తర్వాత వేరు కొస దగ్గర కొద్దిగా రక్తం వచ్చేలా చేస్తారు. ఆ రక్తం గడ్డకట్టి మూల కణాలకు ఆధారమవుతుంది. పైన సిమెంటుతో మూసేస్తారు. చాలామందిలో చీము తగ్గుతుంది. వేరు పెరుగుదల మాత్రం అందరిలో ఒకేలా ఉండదు. పన్ను రంగు మారొచ్చు. ఎక్స్‌రేలతో రెండేళ్లయినా గమనించాలి.

ఎక్కడ అడగాలి?
హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. పిల్లల దంత వైద్యుల్ని కలిసి, 'వేరు కొస మూసుకుందా?' అని అడగండి. ప్రభుత్వ బడుల్లో పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే బృందాలు పళ్ల సమస్యలూ చూస్తాయి. దెబ్బ సంగతి వారికి మీరే చెప్పండి. చీము పట్టేదాకా ఆగొద్దు.