యువ శాస్త్రజ్ఞుల గ్రాంటులు – మన మిరప చేలు

"కొత్తగా పరిశోధనలో అడుగుపెట్టిన యువకులకు కేంద్ర ప్రభుత్వము గ్రాంటులిచ్చుచున్నదట. దానితో మనకేమి పని?" అని చర్ల, దుమ్ముగూడెము వైపు రైతు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. ఆ సొమ్ము ఢిల్లీలో మంజూరగును, ఏదో విశ్వవిద్యాలయపు ఖాతాలో జమపడును, చివరకు ఇంగ్లీషు పత్రికలో ఒక వ్యాసమై తేలును. మన గట్టుదాక వచ్చినదేమియు కనబడదు. అయినను ఈ సంగతి మనదేనని నా అభిప్రాయము. అందుకు కారణము 2021వ సంవత్సరపు మిరప పంట.

ఆ యేడు నల్ల తామర పురుగు చేసిన నష్టమును ఖమ్మము, భద్రాద్రి కొత్తగూడెము జిల్లాల మిరప రైతు ఇంకను మరువలేదు. అంతవరకు మనమెరిగిన తామర పురుగు ఆకును పట్టి, అంచులు పైకి ముడుచుకొనునట్లు చేయునది. ఈ కొత్తది పూవులోనే కాపురము పెట్టినది. పూత రాలినది, నిలిచిన కాయ వంకరపోయినది. పూవు లోపల దాగినదానికి మందు సరిగా తగులదు. తగులలేదని రైతు మరల కొట్టెను. దుకాణదారు చెప్పిన నాలుగు మందులు కలిపి కొట్టెను. పురుగు తగ్గలేదు, అప్పు పెరిగినది. విసిగి చేనినే దున్నివేసినవారు కలరు.

ఈ పురుగు ఆకాశమునుండి ఊడిపడినది కాదు. ఆగ్నేయాసియా దేశములలో ఇది పాతదే. మన దేశములో 2015లో బెంగళూరు వద్ద బొప్పాయి మీద దీనిని గుర్తించిరి. బొప్పాయి మీదినుండి మన మిరప మీదికి వచ్చుటకు ఆరేండ్లు పట్టినది. ఈనాడు యువ పరిశోధకునికిచ్చు పెద్ద గ్రాంటు కాలము మూడేండ్లు. అనగా రెండు గ్రాంటులు పూర్తి కాదగినంత వ్యవధి మనకు లభించినది. ఆ కాలములో గోదావరి ఒడ్డున ఒక యువ కీటక శాస్త్రజ్ఞునికి ఈ ఒక్క పురుగును వెంబడించుటకు తగిన సొమ్ము, తీరిక ఉండినచో పంట అంతయు దక్కెడిదని నేననను. కాని పూతకు ముందే హెచ్చరిక అందియుండును. నీలి రంగు జిగురు అట్టలు ఎప్పుడు కట్టవలెనో, ఏ మందు వృథాయో రైతు తన ఖర్చుతో నేర్చుకొనవలసిన గతి పట్టకపోయెడిది. పైగా మిరప పరిశోధనకు పేరుపడిన గుంటూరు లాం కేంద్రము 2014 తరువాత మనకు పొరుగు రాష్ట్రపుదైనది. పురుగుకు రాష్ట్రపు హద్దు లేదు. భద్రాచలము పట్టణము తెలంగాణలోను, దానిని ఆనుకొనియున్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోను ఉన్నవి. పరిశోధకుడు మాత్రము ఏ వైపు చేనిలో దిగవలెనన్నను ఏ విశ్వవిద్యాలయపు పరిధి అని ముందు చూచుకొనవలసియున్నది.

ఇక ఆ గ్రాంటులేమిటో చూతము. దమ్మపేట మండలములోని ఒక కోయ ఇంటి ఆడపిల్ల అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలో బి.ఎస్సీ. చదివినదనుకొందము. ఎమ్మెస్సీ ముగించి పిహెచ్.డి.లో చేరినప్పుడు గిరిజన వ్యవహారముల మంత్రిత్వ శాఖ వారి జాతీయ ఫెలోషిప్పునకు ఆమె అర్హురాలు. ఇవి దేశము మొత్తము మీద ఏటా 750. జూనియర్ పరిశోధకులకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చు భృతి 2023 జనవరి 1 నుండి నెలకు 37,000 రూపాయలైనది. పిహెచ్.డి. పూర్తియైన పిమ్మట జాతీయ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్పు కలదు. ఇది రెండేండ్లది, భృతి కాక పరిశోధన ఖర్చులకు ఏటా 2 లక్షలు ఇత్తురు, వయస్సు సాధారణముగా 35 దాటరాదు, షెడ్యూల్డు తెగలవారికిని స్త్రీలకును అయిదేండ్ల సడలింపు కలదు. దానికి పైమెట్టు ఇన్‌స్పైర్ ఫాకల్టీ ఫెలోషిప్పు: అయిదేండ్లు, నెలకు 1,25,000 రూపాయలు, ఏటా పరిశోధనకు 7 లక్షలు. అన్నిటికంటె పెద్దది ప్రధానమంత్రి పేరిట 2024లో మొదలైన యువ పరిశోధకుల గ్రాంటు. ఇందులో మూడేండ్లకు 60 లక్షల వరకు ఇత్తురు. దీనిని నడుపు అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానము 2023 నాటి చట్టముతో ఏర్పడినది. దీనికి ముందున్న బోర్డు ప్రారంభ గ్రాంటుగా రెండేండ్లకు 30 లక్షలు ఇచ్చెడిది. సొమ్ము పెరిగినమాట నిజము, సంతోషించదగినది.

చిక్కు వేరొకచోట ఉన్నది. ఆ 60 లక్షల గ్రాంటునకు దరఖాస్తు చేయువారు ఏదైనా గుర్తింపు పొందిన సంస్థలో శాశ్వత కొలువులో ఉండవలెను. పాఠము చెప్పుటకు ఏడాదికేడాది కాంట్రాక్టు మీద వచ్చువారికి ఆ తలుపు తెరువబడదు. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో అధ్యాపకుల ఖాళీలు నిండుట ఆలస్యమైనకొలది కేంద్రపు గ్రాంటులు కూడ ఆ కళాశాలలకు దూరమగును. బావిలో నీరున్నది, మన చేంతాడు పొట్టి. కనుక ఖాళీలు నింపుట జీతముల పద్దు మాత్రమేయని రాష్ట్రపు ఆర్థికాధికారులు అనుకొనరాదు. మారుమూల కళాశాలలో ఒక కొలువు నిండినచో దాని వెంట 60 లక్షల ప్రాజెక్టు వచ్చు అవకాశము కలదు; ఒక కొలువు ఖాళీగా ఉండినచో ఆ అవకాశము మరొక రాష్ట్రమునకు పోవును.

రెండవ చిక్కును రైతులు నాకంటె త్వరగా గ్రహింతురు. ప్రభుత్వపు లెక్కల సంవత్సరము మార్చి 31తో ముగియును. మన మిరప సంవత్సరము అట్లు ముగియదు. జూన్, జూలైలలో నారుమడి, ఆగస్టు, సెప్టెంబరులలో నాటు, జనవరి మొదలు కాయ ఏరుట. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఖమ్మము మార్కెట్టుకు తేజ రకపు బస్తాలు బారులు తీరును. అనగా పరిశోధకునికి కూలీలు, తూకములు, ప్రయాణములు ఎక్కువగా కావలసిన నెలలలోనే పద్దులు మూసివేయు తొందర వచ్చిపడును. కొత్త సంవత్సరపు వాయిదా ఆలస్యమై శ్రావణములో చేతికందినచో నారు పోయు అదును దాటినట్లే. ప్రయోగశాలలో సీసా ఒక నెల ఆగును, చేను ఆగదు. పంటల మీద చేయు ప్రాజెక్టులకైనను మొదటి వాయిదాను ఏప్రిల్, మే నెలలలో విడుదల చేయవలెనని, చివరి ఏరుడు ముగియువరకు ఖర్చునకు అనుమతి ఉండవలెనని నేను గట్టిగా కోరుచున్నాను. ఇది అదనపు సొమ్ము అడుగుట కాదు, అదును అడుగుట.

మూడవది రైతుకు నేరుగా తగులు విషయము. ఏ మందైనను పనిచేసినదో లేదో తెలియవలెనన్నచో పక్కనే మందు కొట్టని మడి ఒకటి విడువవలెను. సరిపోల్చు మడి లేని ప్రయోగమును శాస్త్రజ్ఞులెవరును ఒప్పుకొనరు. కాని ఆ మడి ఎవరిది? విశ్వవిద్యాలయపు క్షేత్రములో అయినచో నష్టము ప్రభుత్వానిది. రైతు పొలములో అయినచో నష్టము రైతుది. నేను చూచినదే ఒకటి చెప్పెదను. ఒక యువకుడు తన పరిశోధనకై కౌలు రైతునొకనిని ఒప్పించి రెండు గుంటల మిరపను మందు కొట్టకుండ ఉంచెను. పూత సమయమునకు ఆ రెండు గుంటలలో పురుగు నిండి, పక్క మళ్లలోనికి పాకినది. రైతు వచ్చి ఆ యువకునితో, "బాబూ, నీ లెక్కలు తేలినవి, నా కౌలు ఎట్లా తేలాలె?" అని అడిగెను. ఆ యువకునికే నాలుగు నెలలుగా భృతి రాలేదు. స్నేహితుని వద్ద బదులు తెచ్చి సగము నష్టము ఇచ్చెను, మిగిలిన సగము రైతు భరించెను. ఇద్దరిలో తప్పు చేసినవాడు లేడు. ఆ ప్రాజెక్టు పద్దులలో పరికరములకు, రసాయనములకు, ప్రయాణములకు, సంస్థ నిర్వహణకు గడులు ఉన్నవి. రైతు నష్టమునకు గడి లేదు.

రైతు పొలములో జరుగు ప్రతి ప్రయోగపు దరఖాస్తులోను ఆ గడి ఉండి తీరవలెను. సరిపోల్చు మడికి పూర్తి దిగుబడి ధర, పక్క మళ్లకు పాకిన నష్టమునకు కొంత, ముందే వ్రాసుకొనవలెను. రైతుతో చేసుకొను ఒడంబడిక తెలుగులో ఒక్క పుటలో ఉండవలెను; కౌలుదారు దున్నుచున్నచో కౌలుదారు పేరే అందులో వ్రాయవలెను. 60 లక్షల గ్రాంటులో రెండు గుంటల మిరప ధర ఎంత? విశ్వవిద్యాలయములు తలచుకొన్నచో ఢిల్లీ అనుమతికై చూడనక్కరలేకయే అంతర్గత నియమముగా దీనిని పెట్టుకొనవచ్చును.

గ్రామాధికారుల వంతు కూడ తక్కువది కాదు. ఫెలోషిప్పునకు గడువు సమీపించినప్పుడు తెగ ధ్రువపత్రమునకై కార్యాలయము చుట్టు తిరుగు పిల్లలు ప్రతి యేడు కనబడుదురు. ఆ కాగితము పది రోజులు ఆగినచో ఒక సంవత్సరము పోవును. వయోపరిమితి ఉన్నవారికి ఒక్కొక్కప్పుడు అవకాశమే పోవును. అటవీ హక్కుల పట్టా భూమిలో ప్రయోగము చేయుటకు వచ్చిన పరిశోధకుని చూచి రైతు "భూమి పోవునేమో" అని బెదరుట సహజము. పంట ప్రయోగము వలన హక్కు మారదని చెప్పవలసినది గ్రామాధికారియే. అట్లే ఇప్ప గింజలో, తునికాకో, అడవి దుంపలో నమూనాగా తీసికొనిపోవలెనని వచ్చినవారిని అటవీ శాఖ అనుమతి పత్రము అడుగవలెను, గ్రామసభకు చెప్పించవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము క్రింద స్థానిక సంస్థలలో యాజమాన్య సంఘములు ఉండవలెనని నియమము. సంఘము పేరుకు మాత్రమున్న ఊళ్లలో దానిని ఒకసారి కూర్చోబెట్టుట మంచిది. పరిశోధకుడు యువకుడైనంతమాత్రమున, మంచివాడైనంతమాత్రమున ఈ అనుమతులు విడిచిపెట్టగూడదు.

రైతులు చేయవలసినది చిన్నదే. గ్రాంటు దరఖాస్తులో మొదట వ్రాయవలసినది సమస్య ఏమిటన్నది. ఆ సమస్యను పుస్తకములనుండి ఏరి వ్రాసినదానికంటె దుమ్ముగూడెపు చేనిలోనుండి వచ్చినది బలమైనది. ఏ వారమున పూత రాలినది, ఏ మందు ఎన్నిసార్లు కొట్టితిరి, పక్క చేనిలో ఏమున్నది అని నోటుపుస్తకములో తేదీలతో వ్రాసి ఉంచినచో రైతు వేదికలో విస్తరణాధికారికి ఇవ్వవచ్చును. ఆయన దానిని వైరాలోని కృషి విజ్ఞాన కేంద్రమునకుగాని, పప్పుధాన్యములైనచో మధిర పరిశోధన స్థానమునకుగాని పంపగలరు. మిరప ఉద్యాన పంటల క్రిందికి వచ్చును కావున ఉద్యాన శాఖకును ఒక నకలు పంపుట అవసరము. ఈ రెండు శాఖల నడుమ కాగితము జారిపోయిన సందర్భములు లేకపోలేదు.

ప్రాంతీయ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశములలో శాస్త్రజ్ఞులు, అధికారులు, రైతులు కలసి కూర్చుందురు. అచ్చట సాధారణముగా పెద్ద శాస్త్రజ్ఞులు పోయిన యేటి ఫలితములు చదువుదురు. గ్రాంటు కోరుచున్న యువ పరిశోధకులను కూడ పిలిచి, వారు ఢిల్లీకి పంపబోవు దరఖాస్తు సారాంశమును తెలుగులో చదివించవలెను. వినుటకు ముందు వరుసలో మందు కొట్టని రెండు గుంటల రైతు ఉండవలెను. ఆయన అడుగు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనిన తరువాతనే దరఖాస్తు పంపవలెను.