తంజావూరు తాళపత్రాలు చదివేదెవరు?

తంజావూరు వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది పెద్దగుడి చూసుకుని తిరుగు బస్సెక్కేస్తారు. ప్యాలెస్ ఆవరణలోని సరస్వతి మహల్ గ్రంథాలయం దాకా వెళ్లేది కొందరే. 1673 దాకా ఏలిన నాయక రాజుల కొలువులో తెలుగుకే పెద్దపీట. రఘునాథ నాయకుడు, కొడుకు విజయరాఘవుడు స్వయంగా తెలుగు కవులు. తర్వాత వచ్చిన మరాఠా రాజు శహాజీ కూడా తెలుగులో యక్షగానాలు రాశాడు. ఆ కాలపు తెలుగు తాళపత్రాలు నేటికీ ఇక్కడ భద్రం.

చిక్కల్లా చదివేవాళ్లతోనే. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరైంది. ఉన్నచోటి భాష నేర్వాల్సిందే, అందులో తప్పులేదు. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో ఎంతోమందికి మన అక్షరం రావట్లేదు. ఆకుల్ని గ్రంథాలయం కాపాడుతుంది. వాటిని చదివే కళ్లను తయారుచేయాల్సింది మాత్రం ఇళ్లే. పిల్లల్ని తంజావూరు తీసుకెళ్లేముందు అఆలు దిద్దించాలి. లేదంటే తాతల సొత్తును వాళ్లు పరాయివాళ్లలా చూసొస్తారు.