కోటి డిగ్రీలా... ఏదీ, కొలిచి చూపించండి!

జ్వరమొస్తే నోట్లో థర్మామీటరు పెడతాం. మరి కోటి డిగ్రీల వేడిని దేంతో కొలవాలి?

సూర్యుడి నడిబొడ్డున వేడి దాదాపు కోటిన్నర డిగ్రీలు. అక్కడ హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుడుతోంది. ఆ కేంద్రక సంలీనాన్నే భూమ్మీద జరిపి కరెంటు తీయాలన్నది శాస్త్రవేత్తల ఆశ. అంత వేడికి వాయువు కాస్తా ప్లాస్మాగా మారుతుంది. అందులో ఏ పరికరం పెట్టినా క్షణంలో ఆవిరైపోతుంది, ప్లాస్మా కూడా చల్లారిపోతుంది. దూరం నుంచి లెక్క కట్టాల్సిందే. చిక్కంతా అక్కడే.

1958 జనవరిలో బ్రిటన్ ఓ ఘనమైన ప్రకటన చేసింది. హార్వెల్‌లోని 'జీటా' యంత్రంలో 50 లక్షల డిగ్రీలు సాధించామని! అందులోంచి వస్తున్న న్యూట్రాన్లు సంలీనం వల్లేనని 90 శాతం ఖాయంగా చెప్పగలనన్నారు హార్వెల్ అధిపతి జాన్ కాక్‌క్రాఫ్ట్. పత్రికలు పండగ చేసుకున్నాయి. కొద్దినెలలకే ఆ న్యూట్రాన్లు వేడివల్ల పుట్టినవి కావని తేలింది. ఉష్ణోగ్రత లెక్కా నిలబడలేదు. ప్లాస్మాలోని కణాలు ఎంత వేగంగా కదిలితే అవి వెదజల్లే కాంతి గీతలు అంత వెడల్పవుతాయి. కానీ మజ్జిగ కవ్వంతో చిలికినా కదులుతుంది, పొయ్యిమీద చారు కాగినా కదులుతుంది. జీటాలో చిలుకుడే ఎక్కువ. దాన్ని వేడి కింద జమకట్టేశారు!

అందుకే 1968 ఆగస్టులో నోవోసిబిర్స్క్ సదస్సులో సోవియట్ శాస్త్రవేత్త లెవ్ ఆర్ట్సిమోవిచ్, తమ 'టీ-3' టోకమాక్‌లో ఎలక్ట్రాన్ల వేడి కోటి డిగ్రీలకు చేరిందంటే పాశ్చాత్యులు పెదవి విరిచారు. రష్యన్లు అయస్కాంత పద్ధతిలో మొత్తం ప్లాస్మా పీడనాన్ని కొలిచి, దాన్నుంచి వేడిని రాబట్టారు మరి. ఊళ్లో ఒక్క కోటీశ్వరుడుంటే సగటు ఆదాయం అమాంతం పెరిగినట్టు, విపరీత వేగంతో పరిగెత్తే కాసిని ఎలక్ట్రాన్లు ఆ లెక్కను తారుమారు చేయవచ్చు కదా!

ఆర్ట్సిమోవిచ్ వాదనకు దిగలేదు. కల్హామ్ ప్రయోగశాల అధిపతి బాస్ పీజ్‌ను పిలిచి, మీ లేజర్ తెచ్చి మీరే కొలుచుకోండన్నారు. అదీ ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో, సోవియట్ సేనలు చెకోస్లొవేకియాలోకి చొరబడిన ఏడాదిలో! జీటాతో చెయ్యి కాల్చుకున్న దేశం వాళ్లనే పిలవడం ఇందులో విశేషం. బ్రిటిష్ బృందం దాదాపు 5 టన్నుల సామగ్రితో మాస్కోలోని కుర్చటోవ్ సంస్థకు చేరింది.

వాళ్ల పద్ధతి చిత్రమైనది. ప్లాస్మాలోకి ఎర్రటి లేజర్ కాంతిని పంపిస్తారు. ఎలక్ట్రాన్లను తాకిన కాంతి చెదిరి, రంగు కాస్త అటూఇటూ మారుతుంది. ఎలక్ట్రాన్లు ఎంత వేడిగా ఉంటే ఆ తేడా అంత ఎక్కువ. ఇక్కడ లెక్కకొచ్చేది మామూలు జనమే. కోటీశ్వరులు పదిమంది ఉన్నా ఫలితం పెద్దగా మారదు. అయితే చెదిరే కాంతి అత్యల్పం, ప్లాస్మా సొంత వెలుగులోంచి దాన్ని ఏరుకోవాలి.

1969 నవంబరులో 'నేచర్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. కోటి డిగ్రీలు నిజమే! అమెరికాలోని ప్రిన్స్‌టన్ ప్రయోగశాల తన పెద్ద యంత్రాన్ని 1970 కల్లా టోకమాక్‌గా మార్చేసుకుంది. మన గాంధీనగర్‌లో 1989లో పనిచేయడం మొదలెట్టిన 'ఆదిత్య' కూడా టోకమాకే.

మరి పేచీ తీరిందా అంటే, లేదు. అమెరికాలోని టీఎఫ్‌టీఆర్, బ్రిటన్‌లోని జెట్ యంత్రాల్లో బాగా వేడెక్కిన ప్లాస్మాను రెండు విధాలుగా కొలిస్తే, ఎలక్ట్రాన్లు వెదజల్లే మైక్రోతరంగాల లెక్క లేజర్ లెక్క కంటే కొన్నిసార్లు 20 శాతం దాకా ఎక్కువొచ్చింది. కారణం మీద చర్చ ఇంకా నడుస్తోంది. ఫ్రాన్స్‌లో కడుతున్న 'ఐటర్' లక్ష్యం 15 కోట్ల డిగ్రీలు. అందులో ఈ రెండు ఏర్పాట్లూ ఉంటాయి. మైక్రోతరంగాలను కొలిచే సామగ్రిలో కొంత వాటా మన దేశానిది.