మలేరి పుర్రెలు దుర్గి ఉలికి అందాలి

పల్నాడులో దుర్గి అంటే శిల్పులు. మెత్తని రాతిని దేవుడిగానూ నందిగానూ మలిచే ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపూ దక్కింది. అయితే ఆ శిల్పులు రాతిలో దింపదగ్గ పురాతన జీవుల ఎముకలను ఆ చుట్టుపక్కల రాళ్లలో వెతకడం దండగ. పల్నాటి సున్నపురాయి పేరుకునే నాటికి వెన్నెముక ఉన్న జీవి ఇంకా పుట్టనే లేదు.

అలాంటి ఎముకలు ప్రాణహిత–గోదావరి లోయలో ఉన్నాయి. మంచిర్యాల, ఆసిఫాబాద్ ప్రాంతపు మలేరి ఎర్రమట్టి పొరల్లో దాదాపు 22 కోట్ల ఏళ్ల నాటి భారీ ఉభయచరాలు దొరికాయి. వాటిలో మెటోపోసార్ వర్గపు జీవిని టి. రాయ్‌చౌధురి 1965లో వర్ణించారు. 2019లో దానికి పాంథసారస్ మలేరియెన్సిస్ అన్న కొత్త పేరు వచ్చింది.

దాని తల బల్లపరుపు. కళ్లు ముట్టె వైపుకు జరిగి ఉంటాయి. పుర్రె పైభాగమంతా తేనెపట్టు గదుల్లాంటి గుంటలు. ఛాతీ కింద వెడల్పాటి ఎముక పలకలు, ఆ బరువుతో పోలిస్తే కాళ్లు చిన్నవి. నీళ్లలో బతికే జీవికి తగిన ఒళ్లు. పుర్రె వెనక మెడకు ఆనే బుడిపెలు రెండు. బల్లికీ మొసలికీ ఒక్కటే ఉంటుంది, కప్పకు మాత్రం రెండు. నేటి కప్పల మూలాన్ని చాలామంది పరిశోధకులు ఈ జీవి చేరిన పెద్ద ఉభయచర వంశంలోనే వెతుకుతున్నారు. వేరే వంశాన్ని చూపేవారూ ఉన్నారు.

మలేరి కింది పొరల్లో మెటోపోసార్లుంటే, పై పొరల్లో చిగుటిసారిడ్లు అనే మరో ఉభయచర వర్గం కనిపిస్తుంది. 1995లో డి.పి. సేన్‌గుప్తా వర్ణించిన కాంప్సోసెరోప్స్, కుట్టిసెఫాలస్ ఈ రెండో వర్గానివే. మెటోపోసార్ల చుట్టాలు జర్మనీ, పోలండ్, మొరాకో, అమెరికాల్లో దొరికాయి. చిగుటిసారిడ్ల చుట్టాలేమో ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఉన్నాయి. ఖండాలన్నీ కలిసి ఉన్న కాలపు సాక్ష్యమిది.

మరి మన పిల్లలకు ఇదంతా తెలుసా? హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం నిలబెట్టాక డైనోసార్ పేరు ఇంటింటికీ చేరింది. ఈ ఉభయచరాలకు ఆ భాగ్యం లేదు. వీటిపై ప్రధాన పరిశోధన జరిగిన కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే అసలు ఎముకలు ఉన్నాయి. అవి అక్కడే భద్రంగా ఉండనివ్వండి. కొలతలు, అచ్చులు తెప్పించుకుంటే చాలు.

పుర్రె మీది ప్రతి గుంటనూ రాతిలో దింపగల చేతులు దుర్గిలో ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు, విద్యాశాఖలు ఆ శిల్పులకు పని అప్పగించి, మంచిర్యాలలోనూ నరసరావుపేటలోనూ పిల్లలు తాకి చూసేలా నమూనాలు పెట్టించాలి.