గుడారానికి కూడా అద్దెనా?



కిందటి నెల ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోతుండగా మా సంఘంలోని ఒక పెద్దావిడ మమ్మల్ని ఆపారు. ఆమె కుమారుడు అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఫోనులో ఒక ఫోటో చూపించారు. చెట్ల మధ్య చిన్న గుడారం, దాని ముందు కోడలు, ఇద్దరు మనుమలు నవ్వుతూ కూర్చున్నారు.

"అయ్యగారూ, అంత చదువు చదివి, అంత ఉద్యోగం చేస్తూ గుడారంలో పడుకొన్నారు. పైగా దీనికి రాత్రికి నూరు డాలర్ల పైన కట్టారట. గుడారానికి కూడా అద్దెనా?" అన్నారు.

అసలు సంగతి ఆ తరువాత బయటపడింది. వచ్చే సంవత్సరం ఈ దంపతులు కొడుకు దగ్గరకు వెళ్తున్నారు. వాళ్లను కూడా అక్కడికే తీసుకువెళ్లాలని అతని ఆశ. అక్కడ ఐదు రకాల స్థలాలు ఉన్నాయి, ఏది తీసుకోమంటారని అడిగాడు. అన్నిటికంటే చవకది చాలని తల్లి మాట. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అన్నిటికంటే పెద్దదే కావాలి, లేకపోతే రానే రానని తండ్రి పట్టు. నలుగురూ ఏమనుకొంటారని ఆయన బాధ. ఈ మాట మీద ఇంట్లో రెండు వారాలుగా సరిగా మాటలు లేవట. "మీరు కాస్త చూసి చెప్పండి" అని ఆమె కోరారు. ఇటువంటి కబురు ఇంకా ఎన్నో ఇళ్లకు వస్తున్నది గనుక మేము తెలుసుకొన్నది ఇక్కడ రాస్తున్నాము.

అది ఎటువంటి చోటు?

ఫ్లోరిడాలోని ఓర్లాండో పట్టణం దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్ అనే పెద్ద వినోద కేంద్రం ఉన్నది. 1971 అక్టోబరు 1న దాన్ని తెరిచారు. అదే సంవత్సరం నవంబరు 19న దానిలోనే ఫోర్ట్ విల్డర్‌నెస్ అనే విడిదిని ప్రారంభించారు. బే లేక్ అనే సరస్సు ఒడ్డున, దేవదారు జాతి చెట్ల అడవిలో, సుమారు 750 ఎకరాలలో అది విస్తరించి ఉన్నది. దాదాపు 800 స్థలాలున్నాయి. హోటలు గది లాగా కాదు. మనకు ఇచ్చేది నేల. దాని మీద మన గుడారం వేసుకోవచ్చు, లేదా మన ఇంటిబండి నిలుపుకోవచ్చు. ఇంటిబండి అంటే వంటగది, పడక, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే పెద్ద వాహనం. అక్కడివారు దాన్ని ఆర్.వి. అంటారు.

మొదట్లో ఒక రాత్రికి 11 డాలర్లు తీసుకొనేవారు. ఈ యాభై ఏళ్లలో అమెరికాలో అన్ని ధరలూ పెరిగాయి గనుక ఆనాటి 11 డాలర్లు నేటి లెక్కలో సుమారు 85, 90 డాలర్లకు సమానం. నేడు చవక రోజుల్లో గుడారపు స్థలం ధర నూరు డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఆ ఒక్కటి చూస్తే పెరుగుదల మనం భయపడినంత లేదు. అయితే పండుగ రోజుల్లో మంచి స్థలమైతే 200 డాలర్లు దాటిపోతుంది. దీనికి తోడు ప్రతి నూరు డాలర్లకు పన్నెండున్నర డాలర్ల పన్ను. నూరు డాలర్లంటేనే మన డబ్బులో ఎనిమిది వేల పైమాట. కనుక ఆ తల్లి ఉలిక్కిపడడంలో తప్పు లేదు.

ఐదు రకాలు ఏమిటి?

ఏ రకమైనా ప్రతి స్థలంలో నీళ్ల కుళాయి, కరెంటు, భోజనపు బల్ల, బొగ్గుల పొయ్యి ఉంటాయి. ఒక్కొక్క స్థలంలో పది మంది వరకు ఉండవచ్చు. దగ్గరలో అందరికీ కలిపి శుభ్రమైన స్నానపు గదులు, మరుగుదొడ్లు, బట్టలు ఉతికే యంత్రాలు ఉన్నాయి. ఇంతవరకు పేద, ధనిక తేడా లేదు. తేడాలు ఇక్కడినుండి మొదలవుతాయి.

మొదటి రకం గుడారాలకు, కారు వెనుక లాక్కుపోయే చిన్న మడత బండ్లకు. పైన చెప్పినవే ఉంటాయి. రెండవదాన్ని ఫుల్ హుకప్ అంటారు. దానిలో మురుగునీరు పోయే గొట్టం, కేబుల్ టీవీ అదనం. ఇంటిబండిలో మరుగుదొడ్డి ఉంటుంది గనుక దానికి ఆ గొట్టం కావాలి. మూడవది ప్రిఫర్డ్. దానిలోనూ ఇవే ఉంటాయి గాని, పడవల రేవుకు, దుకాణానికి దగ్గర. నాలుగవది ప్రీమియం. చాలా పొడవైన ఇంటిబండ్లు నిలుపుకోవడానికి వీలుగా వెడల్పయిన సిమెంటు గచ్చు ఉంటుంది. ఐదవది ప్రీమియం మెడో. అదే పెద్ద గచ్చు, విడిది మధ్యలో ఈత కొలను ఉన్న మైదానానికి దగ్గర.

ఈ పేర్లు మొదటినుండి ఇవే కావు. ఇప్పుడు గుడారపు స్థలం అంటున్నదాన్ని పూర్వం పార్షియల్ హుకప్, అంటే కొన్ని సదుపాయాలే ఉన్నది, అనేవారు. పాత పేరు అక్కడ ఏమేమి గొట్టాలు ఉన్నవో చెప్పేది. కొత్త పేరు అది ఎవరికోసమో చెబుతున్నది. ప్రీమియం అనే రకాలు తరువాత వచ్చాయి. ఇంటిబండ్లు ఏటేటా పెద్దవైనందున గచ్చు కూడా పెద్దది చేయవలసి వచ్చింది. పెద్ద గచ్చుకు పెద్ద ధర.

ఇప్పుడు తండ్రిగారి పట్టు సంగతి చూడండి. కొడుక్కు ఇంటిబండి లేదు, ఉన్నది గుడారమే. అన్నిటికంటే ఖరీదైన స్థలం తీసుకొంటే ఆయన గౌరవం పేరిట కొనేది ఒక మురుగు గొట్టాన్ని, ఒక సిమెంటు గచ్చును. ఆ గొట్టానికి తగిలించడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. గచ్చు మీద గుడారపు మేకు దిగదు.

రకం కంటే రోజు ముఖ్యం

ధర మారడానికి రకం ఒక్కటే కారణం కాదు. పూర్వం ఏడాదిని నాలుగైదు కాలాలుగా విభజించి, ఒక్కొక్క కాలానికి ఒక ధర పెట్టేవారు. క్రమంగా తేదీని బట్టి ధర వేసే పద్ధతి వచ్చింది. ఆ వినోద కేంద్రపు ప్రవేశ టిక్కెట్లకు 2016లో మూడు తరగతుల ధర పెట్టి, 2018 అక్టోబరు నుండి ఏ తేదీకి ఆ తేదీ ధర చేశారు. విడిది స్థలాల సంగతీ అంతే. శుక్ర, శనివారాల రాత్రులకు ఎక్కువ, వారం మధ్యలో తక్కువ. క్రిస్మస్, ఈస్టరు సెలవుల్లో బాగా ఎక్కువ. మన దగ్గర సంక్రాంతికి ప్రైవేటు బస్సు టిక్కెట్టు ఎలా పెరుగుతుందో అలాగే అనుకోండి. బస్సు అదే, సీటు అదే, దారి అదే. వచ్చేవారు ఎక్కువైనారు, అంతే.

కనుక రకాన్ని తగ్గించుకోవడం కంటే రోజును మార్చుకోవడం వల్ల ఎక్కువ మిగలవచ్చు. అయితే చవక రోజులకు కూడా ఒక కారణం ఉంటుంది. పిల్లలకు బడులు తెరిచిన తరువాత, సెప్టెంబరులో ధర దిగడం సాధారణం. ఫ్లోరిడాలో జూన్ 1 నుండి నవంబరు 30 వరకు తుఫానుల కాలం. ఎండ, ఉక్కపోత, సాయంకాలపు వానలు కూడా అప్పుడే. చవకగా దొరికింది గదా అని ముసలివారిని ఆ ఉక్కలో గుడారంలో పడుకోబెట్టడం తెలివి కాదు. ఎండలు తగ్గి, పండుగలు రాని వారం మధ్య రోజులు వెదకాలి.

మేము చేసిన పొరపాటు

ఇది చెప్పడానికి మాకు కొంత సిగ్గుగానే ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితం సముద్రపు ఒడ్డున ఒక విడిదిలో మా సంఘపు కుటుంబాలతో మూడు రోజుల కూడిక ఏర్పాటు చేశాము. డబ్బు మిగల్చాలని అందరికీ అన్నిటికంటే తక్కువ తరగతి తీసుకొన్నాము. ధరల కాగితం చూశాము గాని మరుగుదొడ్డి ఎంత దూరమో అడగలేదు. రెండవ రాత్రి చీకట్లో లేచి వెళ్తూ ఒక వృద్ధ సహోదరి మెట్టు మీద జారి పడ్డారు. మణికట్టు విరిగింది. మేము మిగిల్చినది ఆమె కట్టుకు కూడా చాలలేదు. ఆ విడిదివారి తప్పు ఏమీ లేదు. అడగవలసిన ప్రశ్న మేము అడగలేదు. ఆనాటినుండి ఎక్కడ విడిది తీసుకొన్నా "మాలో అందరికంటే బలహీనులు ఎవరు? వారికి ఏమి కావాలి?" అని మొదట అడుగుతున్నాము. ధర సంగతి ఆ తరువాతనే.

ఆ పెద్దావిడ విషయంలో బలహీనమైనవి ఆమె మోకాళ్లు. వాటికి కావలసినవి రెండే. నేలమీదనుండి లేవనక్కరలేని పడక, దగ్గరలో మరుగుదొడ్డి. పడకకు ఒక మడత మంచం చాలు. మరుగుదొడ్డికి దగ్గరగా ఉండడం రకాన్ని బట్టి రాదు, స్థలం సంఖ్యను బట్టి వస్తుంది. ఖరీదైన రకంలోనూ దూరపు స్థలం ఉండవచ్చు, చవక రకంలోనూ పక్కనే ఉన్న స్థలం దొరకవచ్చు. ముందుగానే ఆ సంగతి రాసి కోరుకోవాలి. తప్పక ఇస్తామని వారు మాట ఇవ్వరు గాని, అడగనివారికంటే అడిగినవారికి దొరికే అవకాశం ఎక్కువ.

మరొక మాట. పిల్లల దగ్గర స్థిరంగా ఉండిపోయిన తల్లిదండ్రులు కొందరు ఈ పత్రిక అక్కడ చదువుతున్నారు. గ్రీన్ కార్డు ఉండి 62 ఏళ్లు నిండినవారికి అక్కడి కేంద్ర ప్రభుత్వపు జాతీయ పార్కులకు జీవితకాలపు సీనియర్ పాసు ఇస్తారు. 2017 ఆగస్టు 28న దాని ధర 10 డాలర్లనుండి 80కి పెరిగింది. అయినను లాభమే. దానితో అనేక చోట్ల విడిది రుసుము సగమే పడుతుంది. ఫ్లోరిడా రాష్ట్రపు పార్కుల్లో ఆ రాష్ట్రవాసులై 65 ఏళ్లు నిండినవారికి కూడా మూల రుసుములో సగం తగ్గింపు ఉన్నది. అక్కడ ఆ రుసుము అనేక సంవత్సరాలుగా 16 నుండి 42 డాలర్ల మధ్య ఉంటూ వచ్చింది. చూడడానికి వెళ్లి వచ్చేవారికి మాత్రం ఈ రెండూ వర్తించవు.

కిందటి వారం ఆ దంపతుల ఇంటికి వెళ్లి ఇదంతా వివరించాము. తండ్రిగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు మేము ఆయనను ఒకటే అడిగాము. "మీ చిన్నతనంలో మహాసభలకు బండి కట్టుకొని వెళ్లి, పందిరి కింద గడ్డి పరచుకొని పడుకొన్నప్పుడు మీ నాన్నగారి గౌరవం తగ్గిందా?" ఆయన నవ్వేశారు. ఆ రాత్రులలో తండ్రి పక్కన పడుకొని నక్షత్రాలు లెక్కపెట్టిన సంగతి చెప్పారు. ఆయన కొడుకు కూడా తన పిల్లలకోసం ఆ రాత్రినే కొంటున్నాడు. అక్కడ దానికి నూరు డాలర్లు, అంతే తేడా.

మేము వచ్చేస్తుంటే ఆయన ఫోను తీసుకొని కొడుకుతో అంటున్నారు. "ఒరేయ్ అబ్బాయ్, గుడారమే చాలు. మీ అమ్మకు మడత మంచం తెచ్చిపెట్టు. మరుగుదొడ్డికి దగ్గరగా చూడు. నేను మనుమల పక్కన కిందే పడుకొంటాను."

పెద్దావిడ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింటున్నారు. రెండు వారాల తరువాత ఆ ఇంట్లో టీ కప్పులు రెండూ ఒకే పళ్లెంలో వచ్చాయి.