మన తెలుగువాళ్ళే కదా!

పిల్లలూ, మీ ఇంటికి ఎప్పుడైనా ఫైలు పట్టుకుని ఒక అంకుల్ వచ్చారా? అమ్మో నాన్నో పెసరట్లు వేస్తారు, కబుర్లవుతాయి. కాసేపటికి డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరుస్తారు. ఆయన ఫైనాన్షియల్ ప్లానర్. డబ్బు ఎలా దాచుకోవాలో, దేనికి ఎంత పెట్టాలో చెప్పడం ఆయన పని.

మేము ఎడ్మంటన్ వచ్చిన కొత్తలో మా ఇంటికీ ఒకాయన వచ్చారు. మిల్ వుడ్స్‌లో ఉగాది భోజనాల దగ్గర పరిచయం. "మాది తెనాలి అండీ" అన్నారు. మాదీ తెనాలి పక్కనే! ఇంకేం, ఆ వారమే మా పాప చదువు కోసం ఒక ప్లాన్‌లో చేరిపోయాం.

కెనడాలో పిల్లల చదువు కోసం ఆర్.ఇ.ఎస్.పి. అనే ఖాతా ఉంటుంది. ఏడాదికి 2,500 డాలర్లు వేస్తే ప్రభుత్వం ఇంకో 500 కలుపుతుంది. అలా ఒక్కో బిడ్డకి మొత్తం 7,200 డాలర్ల దాకా ఇస్తుంది. మీలో చాలామందికి ఇది ఉండే ఉంటుంది, ఇంట్లో అడిగి చూడండి. కానీ మేము చేరింది గ్రూప్ ప్లాన్. అందులో మొదట్లో కట్టే డబ్బులో పెద్ద భాగం ఫీజు కిందే పోతుంది. ఏడాదిన్నరకి మావారి ఉద్యోగం పోయింది. కట్టలేక మానేశాం. ఫీజు డబ్బు తిరిగి రాలేదు. మొదటి 60 రోజుల్లో వద్దనుకుంటే కట్టినదంతా వెనక్కి ఇచ్చేవాళ్ళట! అది మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన అబద్ధం చెప్పలేదు. మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. "ఇందులో మీకెంత వస్తుందండీ?" అని అడగడానికి మాకు మొహమాటం. ఈ మాటకి సరిపడే ఇంగ్లీషు మాట నాకింకా దొరకలేదు. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనని మన నోరు మనమే మూసుకోవడం అనుకోండి.

మొహమాటం ఎడ్మంటన్‌లో పుట్టింది కాదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ కంపెనీలో దాదాపు 32 లక్షల మంది డబ్బు దాచుకున్నారు. కట్టించుకున్న ఏజెంటు చాలాచోట్ల పక్కింటివాళ్ళో, చుట్టాలో. తెలిసినవాళ్ళని ఏం అడుగుతాం? కంపెనీ ఆ డబ్బు తిరిగి ఇవ్వలేకపోయింది. 2016లో దాని చైర్మన్‌ని అరెస్టు చేశారు. ఊళ్ళో జనం మాత్రం ఏజెంట్ల ఇళ్ళ ముందుకే వచ్చి నిలబడ్డారు.

అయితే తెలుగు ప్లానర్ వద్దా? అలా అనను. మీ అమ్మమ్మకి, తాతయ్యకి పన్నుల సంగతి తెలుగులో విడమరచి చెప్పేవాళ్ళు దొరికితే అది గొప్ప సాయం. ఒకే ఊరు అని చెబితే పరిచయం పెరుగుతుంది. నమ్మకానికి అది చాలదు, అంతే నా మాట.

తర్వాత మేము వెళ్ళిన ప్లానర్‌కి తెలుగు రాదు. మొదటి రోజే తన జీతం ఎక్కడినుంచి వస్తుందో కాగితం మీద రాసి ఇచ్చింది. "ముందు క్రెడిట్ కార్డు బాకీ తీర్చండి, నా దగ్గర ఇప్పుడేమీ కొనొద్దు" అంది. సంతకం పెట్టబోతే, ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని రమ్మంది. మేము ఆమెని నమ్మింది అప్పుడు! ఆమె పేరు అల్బర్టా సెక్యూరిటీస్ కమిషన్ వెబ్‌సైటు ద్వారా వెతికి, రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూసుకున్నాం. దానికి ఐదు నిమిషాలు పట్టింది. అప్పుడా తెనాలి ఆయన విషయంలో ఆ ఐదు నిమిషాలు ఎందుకు పెట్టలేదో!

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పేది మీరే. సంతకం పెట్టేటప్పుడు పక్కన కూర్చోండి. చిన్న అక్షరాలు కూడా చదవండి. అర్థం కాకపోతే అర్థం కాలేదనే చెప్పండి.

మొన్న మా ఇంటికి ఇంకో తెలుగు అంకుల్ వచ్చారు. మా పాపకిప్పుడు పదకొండేళ్ళు. కాగితం చూసి, "అంకుల్, ఇందులో మీకెంత వస్తుంది?" అని అడిగేసింది. నాకు గుండె ఆగినంత పనయింది. ఆయన నవ్వి, పెన్ను తీసి, అంకె వేసి చూపించారు. "అమ్మా, ఈ ప్రశ్న మీ ఇంట్లోనే మొదటిసారి విన్నాను" అన్నారు.

మావారు లోపలికెళ్ళి ఇంకో పెసరట్టు వేసుకొచ్చారు.